దయాకర్ పెట్టిన వేరు కాపురం

దయాకర్ లేడు.

టైప్ చేసి చూసుకున్నా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న పొద్దున తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు, వాడింటికే వెళ్తున్నాను. భీమడోలు రైల్వే గేటు పడి బస్సు ఆగింది. వాళ్లావిడ సునీత ఫోన్.

"అన్నయ్యగారూ, ఆయన లేవట్లేదండి. ఎంత పిలిచినా పలకట్లేదండి."

నేను చేరేసరికి డాక్టర్ గారు చూసి వెళ్లిపోయారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నలభై కూడా నిండలేదు. ఏం న్యాయం ఇది?

మా పని తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఉండి, కొల్లేరు వైపు చేపల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గితే అలారం మోగించే సాఫ్ట్‌వేర్ మాది. ఒకే ప్రోగ్రాం రెండు చోట్ల నడవాలి. రైతు ఇంట్లో మామూలు కంప్యూటర్‌లో, చెరువు గట్టు మీద చిన్న బోర్డులో. రెండిటి ప్రాసెసర్లూ వేరు. కంప్యూటర్ వైపు నాది, బోర్డు వైపు వాడిది.

మొదట్లో ఇంట్లో అలారం మోగేది, గట్టు మీద మోగేది కాదు. అదే కోడ్!

చివరికి దయాకర్ పట్టుకున్నాడు. ఆక్సిజన్ ఉండాల్సినదానికన్నా ఎంత తగ్గిందో చెప్పడానికి మేం రాసిన మైనస్ అంకెని బోర్డు పెద్ద ప్లస్ అంకెగా చదువుతోంది. చేపలు తేలిపోతుంటే ఆక్సిజన్ బోలెడుందని చెబుతోంది.

వెంటనే వాళ్లింట్లో రెండో కంప్యూటర్ పెట్టి, మా కోడ్‌ని బోర్డు భాషలోకి మార్చే కంపైలర్, దానికి కావలసిన లైబ్రరీలు అన్నీ విడిగా అమర్చాడు. "ఈ రెండిటికీ ఒక ఇంట్లో పడదురా. వేరు కాపురం పెట్టాల్సిందే" అన్నాడు.

అప్పట్నుంచి మా మధ్య సెటప్ అనే మాటే పోయింది. కంప్యూటర్‌ది పెద్ద కాపురం, బోర్డుది చిన్న కాపురం.

ఓసారి చర్చి బయట వాడు నాతో "పెద్ద కాపురంలో ఇబ్బంది లేదు, చిన్న కాపురంలోనే గొడవ" అని ఫోన్‌లో అంటుంటే పాస్టర్ గారు విన్నారు. పక్కకి తీసుకెళ్లి, "ఏవండీ దయాకర్ గారూ, ఈ సంగతి సునీతమ్మకి తెలుసాండీ?" అని అడిగారు. వాడు నవ్వాపుకోలేక చచ్చాడు.

పోయిన వారం చెరువుల్లో సెన్సార్లు మార్చాం. కొత్త వెర్షన్ నా వైపు అయిపోయింది. బోర్డుది నిన్న చేద్దామనుకున్నాం. నేను బయల్దేరింది అందుకే. ఆ వెర్షన్ ఎక్కించేదాకా బోర్డు తప్పు లెక్కలే చెబుతుంది.

ఇవాళ సమాధి కార్యక్రమం అయ్యాక వాడి కుర్చీలో కూర్చున్నాను. ఏది ఎక్కడ పెట్టాడో తెలియదు. ఏం నొక్కినా ఎర్రర్. బయట మబ్బు పట్టింది. మబ్బు పడితే చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుంది.

ఉండిలో మా రైతు రాజు గారికి ఫోన్ చేసి, "గట్టు మీద అలారాన్ని నమ్మకండి, అక్కడ మనుషుల్ని పెట్టండి" అని చెప్పాను. ఆయన చెరువు మాటే ఎత్తలేదు.

"మా దయాకర్ గారు నిజంగానే పోయారాండీ?"

నాకు ఏడుపు ఆగలేదు.

ఈ బోర్డుల పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఫోన్ చేయండి. నాకు దిక్కు తోచడం లేదు.

లేచి వచ్చేస్తూ ఆ కంప్యూటర్ ఆపబోయాను. సునీత గుమ్మంలో నిలబడి ఉంది.

"ఆపేస్తే మళ్లీ ఆయన పెట్టినట్టు పెట్టగలరాండీ అన్నయ్యగారూ?"

"పెట్టలేనమ్మా" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

దయా, వెళ్లిరారా. చెరువుల సంగతి మేం ఎలాగో చూసుకుంటాం. ఆ ప్రభువు దగ్గరైనా కాస్త నెమ్మదిగా ఉండు.