జోడుగొట్టాల తుపాకీకి రెండు చీటీలు

మా బావని ఊరంతా చీటీ మేస్త్రీ అంటుంది. పాత తుపాకీ అమ్మేవాడైనా కొనేవాడైనా ఆయన చీటీ మీద అంకె చూడందే బేరానికి దిగడు. ఆయన మా అక్క మొగుడు. మూడు దశాబ్దాలుగా ఆయన షాపులో కౌంటర్ మీద కూర్చుంటున్నాను. లైసెన్సులు చూడటం, రిజిస్టరు రాయడం, వచ్చినవాళ్ళతో మాట్లాడటం నా వంతు. మాట్లాడకుండా ఉండటం ఆయన వంతు. ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడు.

పాత తుపాకీకి ధర కట్టడమంటే ఏదో కంటికి తోచిన అంకె చెప్పి చేతులు దులుపుకోవడం అనుకుంటారు జనం. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. మా షాపులో ఒక కట్టుబాటు ఉంది. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఇద్దరూ కలిసి రావాలి. తుపాకీ అప్పగించి బయట బల్ల మీద కూర్చోవాలి. ఎందుకు అమ్ముతున్నారో, ఎంత కావాలో మేస్త్రీకి చెప్పకూడదు. ఆయన లోపల చూసి ఒక చీటీ రాస్తాడు. ఇద్దరూ ఒకేసారి చదువుతారు. నచ్చకపోతే లేచి వెళ్ళిపోవచ్చు, కానీ రెండో చీటీ మాత్రం రాయడు. ఆ రెండో చీటీ కోసం ఎంతమంది కాళ్ళావేళ్ళా పడ్డారో లెక్కలేదు. ఆయన దగ్గర ఎవరి పప్పులూ ఉడకలేదు.

ఇక ఆయన చూడటం చూడాలి. తూటాలు లేవని నేను అప్పటికే రెండుసార్లు చూసి చెప్పినా మళ్ళీ తానే చూసుకుంటాడు. గొట్టాల కింది చెక్క ఊడదీస్తాడు. గొట్టాలు విడదీసి, కొక్కెం దగ్గర చిటికెన వేలికి తగిలించి, గాలిలో వేలాడదీసి గోటితో ఒక్కటి కొడతాడు. మంచి గొట్టాలైతే గంటలా మోగుతాయి, ఆ మోత చాలాసేపు ఉంటుంది. రెంటినీ కలిపే పట్టీ వదులైతే పగిలిన కుండలా టక్కుమంటాయి. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి గొట్టంలోంచి వెలుతురు చూస్తాడు. కిటికీ చట్రం నీడ గొట్టం గోడ మీద తిన్నని గీతలా పడుతుంది. ఎక్కడైనా సొట్ట ఉంటే అక్కడ గీత వంకర పోతుంది. నాకు ఎన్నేళ్ళు చూసినా గీతా కనపడలేదు, వంకరా కనపడలేదు. ఆయనకి చీమ తలకాయంత సొట్ట కూడా కనపడుతుంది. ఇది మనిషి కన్నేనా అని నేను బిత్తరపోయిన రోజులున్నాయి.

అన్నీ చూశాక లెక్క. అలాంటి తుపాకీ మంచి స్థితిలో ఉంటే ఈ మధ్య ఎంతకి పోయిందో రాస్తాడు. ఒక్కో లోపం బాగుచేయడానికి ఎంతవుతుందో అందులోంచి తీసేస్తాడు. మిగిలిన అంకెని కాసేపు అలాగే చూస్తూ కూర్చుంటాడు. ఏం చూస్తున్నావు బావా అని ఒకసారి అడిగితే చెప్పాడు. ఈ ధరకి నేనైతే కొంటానా, ఇదే ధరకి నేనైతే అమ్ముతానా అని తనని తానే అడుగుతాడట. రెంటికీ ఔననిపిస్తేనే చీటీ మీదికి ఎక్కుతుంది. అంత తేలిక మాట నాకు ముందు తట్టనందుకు సిగ్గేసింది.

ఆ రోజు వచ్చింది ఒక టైలరమ్మ. నలభై దాటిన మనిషి, మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చింది. వాళ్ళ నాన్న పండ్లతోటలకి కాపలా కాసేవాడు. ఆయన పోయాక తుపాకీ ఆవిడ చేతికొచ్చింది, అమ్ముకోవడానికి కాగితాలన్నీ సరిగ్గా చేయించుకుంది. కొనడానికి కోళ్ళఫారం ఆయన వెంట వచ్చాడు. ఆయనకి నక్కల బెడద. మేస్త్రీకి చెప్పకూడదు గానీ నాకు చెప్పకూడదని ఎక్కడా లేదు కదా. ఆవిడ బల్ల మీద కూర్చోగానే నాతో అంతా చెప్పేసింది. పన్నెండేళ్ళుగా ఇంటి వసారాలో కుడుతోంది. వాన వస్తే మిషను, గుడ్డలు, తనూ అన్నీ తడుస్తాయి. బస్‌స్టాపు పక్కన ఒక గది ఖాళీ అయింది. అడ్వాన్సు ముప్ఫై అయిదు వేలు. సోమవారంలోగా కట్టకపోతే ఇంకొకరికి పోతుంది. ఆ రోజు శనివారం.

అలాంటి జోడుగొట్టాల తుపాకీ నలభై అయిదు వేల దాకా పలుకుతుందని నాకు తెలుసు. పైగా తెరిచి చూస్తే గొట్టాలు లోపల అద్దంలా మెరుస్తున్నాయి. ఆవిడ గది ఆవిడకి వచ్చేసినట్టేనని మనసులో అనేసుకుని లోపలికి తెచ్చిచ్చాను.

బావ కింది చెక్క తీశాడు. తీసినవాడు అలాగే ఆగిపోయాడు. మా షాపులో గొట్టం మీద ఎవరు చెయ్యి వేసినా, చెక్క తీస్తే తప్ప కనపడని చోట తన గుర్తు కొట్టాలి. అక్కడ వరసగా మూడు చుక్కలున్నాయి. మూడు చుక్కలు బావ గుర్తు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇరవై ఆరేళ్ళ కిందట ఆ కాపలా మనిషి ఇదే తుపాకీ తెచ్చాడు. గొట్టాల లోపల తుప్పు తిన్న గుంటలు. అవి అలా ఉన్నా తుపాకీ పనిచేస్తుంది, వదిలెయ్యొచ్చు. కానీ బావ అప్పుడు కుర్రతనం మీద ఉన్నాడు. ఒక్క గుంట కూడా మిగలకూడదని నాలుగు రోజులు లోపల రాపిడి పెట్టాడు. ఆ మెరుపు చూసి కాపలా మనిషి పొంగిపోయాడు. దారినపోయే వాళ్ళని పిలిచి మరీ గొట్టంలోకి చూడమన్నాడు. నేను కౌంటర్ మీదనుంచి చూస్తూ, ఇలాంటి బావ దొరకడం మా అదృష్టం అనుకున్నాను.

బావ మందం కొలిచే గేజీ తీశాడు. కుడి గొట్టం కొలిచాడు, పరవాలేదు. ఎడమది కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. మూడోసారి నన్ను చదవమన్నాడు. చదివాను. జానెడు మేర గొట్టం గోడ వేలి గోరుకన్నా పల్చగా ఉంది. గుంటలు పోయేదాకా అరగదీస్తే వాటితోపాటు గోడ కూడా పోయింది. ఇన్నేళ్ళు అది పగిలిపోకుండా ఉండటం ఆ కాపలా మనిషి ఆయుష్షు.

నేను తలుపు మూసి గొంతు తగ్గించాను. నేనేమన్నానో రాయడానికి మొహం చెల్లడం లేదు గానీ రాస్తాను. ఈ సంగతి మనిద్దరికి తప్ప ఎవరికీ తెలియదన్నాను. కోళ్ళఫారం ఆయన ఏడాదికి నాలుగుసార్లు నక్కల్ని బెదరగొట్టడానికి కాలుస్తాడు, ఇరవై ఆరేళ్ళు కానిది ఇప్పుడేం అవుతుందన్నాను. బయట కూర్చున్నావిడకి సోమవారం గడువుందని, చెప్పకూడని మాట కూడా చెప్పేశాను. చీటీ మీద నలభై అని రాయి, అందరూ సుఖంగా ఇళ్ళకి పోతారన్నాను.

బావ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"కాల్చేటప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడ ఉంటుందిరా?" అన్నాడు.

ఆ పల్చటి జానెడు సరిగ్గా అక్కడే ఉంది.

ఆయన కాగితం తీసుకుని లెక్క మొదలుపెట్టాడు. ఎడమ గొట్టం పనికిరాదు కాబట్టి తుపాకీగా ఇది చెల్లదు. భుజానికి ఆనించే కర్ర, తుపాకీ పేల్చే తాళాలు, మిగతా సామాను కలిపి ఆరు వేలు. ఒక చీటీ అయింది. ఆ తర్వాత నా కళ్ళెదుటే, జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాడు. రెండో చీటీ తీశాడు.

తను ఆ తుపాకీని ముట్టుకోకపోయి ఉంటే ఇవాళ ఎంత చేసేదని లెక్కగట్టాడు. నలభై అయిదుతో మొదలుపెట్టాడు. అందులోంచి ఎనిమిది వేలు తీసేశాడు. ఎందుకని అడిగాను. తను అరగదీయకపోతే గుంటలు అలాగే ఉండేవి కదా, వాటికి అన్నాడు. కర్ర మీద గీతలకి ఒక వెయ్యి తీశాడు. ముప్ఫై ఆరు. అందులోంచి తుపాకీ ఇప్పటి ధర ఆరు పోతే ముప్ఫై వేలు. తన తప్పుకి కూడా ఆయన ఒక పైసా ఎక్కువ వేయలేదు, తక్కువ వేయలేదు. పరాయివాడి తుపాకీని చూసినట్టే తన చేతిని కూడా చూశాడు. అంత దగ్గరగా నన్ను నేను చూసుకోమంటే ఆ గది వదిలి పారిపోయేవాణ్ణి.

ఇద్దరినీ లోపలికి పిలిపించాడు. కట్టుబాటు ప్రకారం చీటీలే మాట్లాడాలి, కానీ ఆ రోజు ఆయనే మాట్లాడాడు. మూడు చుక్కలు చూపించాడు. గేజీ చూపించాడు. ఇది నేను పాడుచేసిన గొట్టం అని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. కోళ్ళఫారం ఆయన ఎడమ చెయ్యి జేబులో పెట్టేసుకుని, ఈ సామాను తనకి వద్దని నెమ్మదిగా అన్నాడు. సామాను షాపే తీసుకుంటుందని చెప్పి, బావ బీరువాలోంచి డబ్బు తీసి రెండు చీటీల కింద విడివిడిగా పెట్టాడు. అది మా అక్క కళ్ళ ఆపరేషనుకి దాచింది కాదు, ఇంటికి దాచింది కాదు, అలాంటి కథేమీ లేదు. కొత్త డ్రిల్లింగ్ మిషనుకి దాచుకున్నది. నాలుగేళ్ళుగా దాచుకున్నది.

టైలరమ్మ మొదటి చీటీ కింద ఆరు వేలు తీసుకుంది. రెండోదాని మీద చెయ్యి వేయలేదు. నాకు లోపల ప్రాణం లేచొచ్చింది. వద్దంటుంది, పెద్ద మనసు మనిషిలా ఉంది, తప్పకుండా వద్దంటుంది అని ఆశగా ఆవిడ మొహంలోకే చూస్తున్నాను. బావ మాత్రం బల్ల మీదున్న తన చేతుల్ని చూసుకుంటున్నాడు. గేజీ కింద పెట్టాక ఆకురాయి తీసుకోబోయి రెండుసార్లు చెయ్యి వెనక్కి తీసుకోవడం నేను చూశాను. ఇక ఈ మనిషి ఏ గొట్టం మీదా చెయ్యి వేయడేమోనని అప్పుడు భయం పట్టుకుంది.

ఆవిడ మెడలో టేపు సవరించుకుంది.

"నేను పని మొదలెట్టిన రెండో ఏడు ఒకాయన పెళ్ళికోటు గుడ్డ కురచగా కత్తిరించేశాను మేస్త్రీ గారూ," అంది. "వాళ్ళు ఎక్కడినుంచో తెప్పించుకున్న గుడ్డ. దాని డబ్బు పట్టుకెళ్ళి ఇచ్చాను. పోనీలే అమ్మా అని వాళ్ళు వదిలేసి ఉంటే నేను మళ్ళీ కత్తెర పట్టగలిగేదాన్ని కాదు. తీసుకున్నారు. అందుకే నేనూ తీసుకుంటున్నాను."

ముప్ఫై వేలూ లెక్కపెట్టుకుని సంచిలో పెట్టుకుంది. ఇంతకన్నా గొప్పగా ఎవరైనా డబ్బు తీసుకోవడం నేను చూడలేదు. వద్దనాలని ఇందాక నేను ఎదురుచూసినందుకు నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ నమస్కారం పెట్టి, గది యజమాని భోజనానికి వెళ్ళేలోపు పట్టుకోవాలని గబగబా మెట్లు దిగిపోయింది.

బావ ఎడమ గొట్టాన్ని పనిబల్లకున్న వైస్‌లో బిగించాడు. ఇంకెవరూ కాల్చకుండా రంపంతో మధ్యకి కోశాడు. తర్వాత చేతులు తుడుచుకుని, ఇరవై ఆరేళ్ళనాటి రిజిస్టర్లు కిందికి దించమన్నాడు. ఆ ఏడాది మూడు చుక్కలు కొట్టిన తుపాకులు ఎన్ని ఉన్నాయో, ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో రాయాలట. డబ్బెక్కడిదని అడగబోయి ఊరుకున్నాను. నిచ్చెన వేసుకుని పై అరలోంచి రిజిస్టర్లు దించాను.