ఫ్రీడా జేబులో కాగితం ముక్క

పొద్దున్నే కాఫీకి నీళ్లు పొయ్యి మీద పెట్టి, ఫ్రీడా నిన్నటి పేపరు అంచు వెంట వేలెడు వెడల్పున ఒక ముక్క కత్తిరించి ఏప్రన్ జేబులో వేసుకుంటుంది. ఆ రోజు పని ఉన్నా లేకపోయినా సరే. చావు కబుర్ల పేజీని మాత్రం ముట్టదు. దాన్ని కాఫీతో పాటు చదవాలి.

హింటర్‌మాట్‌లో పాత సైన్యపు రైఫిళ్లకు చెక్కపని చేసేది ఫ్రీడా ఒక్కతే. రైఫిల్ గొట్టం మీద, చెయ్యి కాలకుండా, ఒక పైచెక్క ఉంటుంది. అది గొట్టాన్ని కప్పాలి గాని దాన్ని ఒత్తకూడదు. ఒత్తిందంటే, నాలుగు గుండ్లు పేలి గొట్టం వేడెక్కగానే గురి పక్కకు పోతుంది. అందుకని రెంటి మధ్యా కాగితం ముక్క దూర్చి లాగి చూస్తారు. ఎక్కడా పట్టకుండా జారిపోతే పని అయినట్టు. మా ఊళ్లో ఎవరికైనా పెళ్లి కుదిరిందో లేదో అడగాలన్నా "కాగితం పోయిందా?" అనే అడుగుతారు.

ఫ్రీడా పెళ్లి చేసుకోలేదు. ఆమెకు ఒక తమ్ముడు ఊలి, అతని భార్య దోర్లి. మరదలంటే ఫ్రీడాకు ఒళ్లు మంట. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆమె దాచుకున్నదీ లేదు.

మంటంతా ఒక రైఫిల్ గురించి. సైన్యంలో ఉండగా వాళ్ల నాన్నకు ఇచ్చిన రైఫిల్ అది, ముదురు వాల్‌నట్ చెక్కది. ఫ్రీడా పన్నెండో ఏట గురి నేర్చుకున్నది దానితోనే. నాన్న పోతూ పోతూ దాన్ని ఊలికి ఇచ్చాడు, కొడుకు గనక. ఊలికి చెరువులోకి రాయి విసరడం కూడా గురిగా వచ్చేది కాదు. ముప్పై ఏళ్లు దాన్ని మేడమెట్ల పైన మేకుకు తగిలించి ఉంచాడు. ఊలి పోయాక ఫ్రీడా నెలరోజుల పాటు రోజూ దోర్లి ఇంటికి బఠాణీ సూపు మోసింది. ఎందుకో నోరు తెరిచి చెప్పలేదు. నెలాఖరున దోర్లి గిన్నె కడిగి తిరిగిస్తూ అంది: "నేనూ తుపాకీ కాల్చేవాళ్ల సంఘంలో చేరుతున్నా వదినా. ఊలి రైఫిల్ ఊరికే వేలాడడమెందుకు?"

దోర్లి పోస్టాఫీసు కిటికీ వెనక స్టాంపులు అమ్ముకున్న మనిషి. బర్గ్‌డార్ఫ్ టౌన్ పిల్ల. తుపాకిమందు వాసన ఎరగదు. రెండో ఏడు మే నెల పోటీలో దండ గెలిచింది.

మే చివర జిల్లా అంతా కలిసి కాల్చే పోటీ అది. మనిషికి పద్దెనిమిది గుండ్లు, గుండుకు మహా అయితే నాలుగు మార్కులు. యాభై అయిదు మార్కులు వస్తే చొక్కాకు చిన్న వెండి ఆకుదండ గుచ్చుతారు. ఫ్రీడా అద్దాల పెట్టెలో అలాంటివి ముప్పై ఒకటి ఉన్నాయి. కాని గడచిన రెండేళ్లూ ఆమెకు ఒకసారి యాభై నాలుగు, ఇంకోసారి యాభై మూడు వచ్చాయి. దోర్లికి వరసగా మూడేళ్లు మూడు దండలు. ఆ మూడింటినీ ఆమె కూరగాయల బజారుకు కూడా తగిలించుకుని వెళ్లేది.

పోటీకి రెండు వారాల ముందు దోర్లి ఆ రైఫిల్‌ను తువ్వాలులో చుట్టుకుని ఫ్రీడా పనిగదికి వచ్చింది.

"స్టాండు మీంచి జారింది వదినా. రాతిమెట్టు మీద పడి పైచెక్క చీలింది."

"మెట్టుకేం కాలేదుగా?"

"మెట్టు బాగానే ఉంది. ఇదిగో, జడరొట్టె తెచ్చాను. పొద్దునే చేశా."

ఫ్రీడా రొట్టె వంక చూసింది. "అల్లిక వదులుగా ఉంది."

"తినేటప్పుడు విప్పుకునే శ్రమ ఉండదని."

చీలిక నిలువునా ఉంది. జిగురుతో అతికేది కాదు. నాన్న రైఫిల్ నంబరు చివరి మూడంకెలు, 417, ఆ చెక్క మీదే ఉన్నాయి. "విరిగింది ఇక్కడ పడెయ్" అంది ఫ్రీడా, తల ఎత్తకుండా.

"అయ్యో, మామగారి నంబరు. నా దగ్గరే ఉండనీ" అని దోర్లి దాన్ని సంచిలో పెట్టుకుంది.

పాత పైచెక్కల డబ్బా బల్ల కింద ఉంటుంది. అందులో బీచ్ చెట్టువి నాలుగు తెల్ల చెక్కలు, అడుగున గుడ్డలో చుట్టి ఒక్క ముదురు వాల్‌నట్ చెక్క. నాన్న రైఫిల్‌కు అచ్చంగా సరిపోయే రంగు అది. ఎప్పటికైనా ఆ రైఫిల్ తన చేతికొస్తే పనికొస్తుందని పదేళ్ల కిందట వెతికి తెచ్చి దాచుకుంది. ఫ్రీడా గుడ్డను కదపలేదు. ఒక తెల్ల చెక్క తీసి ముదురు కర్ర మీద పెట్టి చూపించింది. నల్లకోటుకు తెల్ల అతుకు వేసినట్టుంది. మరదలు మొహం ముడుచుకుంటుందని చూసింది.

"అబ్బ, ఎంత బావుంది! స్టాండులో ఎన్ని ఉన్నా దూరంనుంచే నాదని పోల్చుకోవచ్చు" అంది దోర్లి.

ఫ్రీడాకు ఒళ్లు భగ్గుమంది.

ఇనప పట్టీల మరలు విప్పి, వాటిని ముందుకు జరిపి, తెల్ల చెక్క వెనక అంచును గొట్టం మొదట్లో ఉండే ఉక్కు కంఠం కిందకు తోసి కూర్చింది. కాగితం దూర్చి లాగింది. ముందు సగం హాయిగా వచ్చింది. వెనక, ఎడమవైపు పట్టుకుంది. మరెప్పుడైనా అయితే గాజుపెంకుతో అక్కడ నాలుగు గీతలు గీకేది. అయిదు నిమిషాల పని. ఆ రోజు గాజుపెంకు చేతిలోకి తీసుకుని మళ్లీ బల్ల మీద పెట్టేసింది. పట్టీలు వెనక్కి జరిపి మరలు బిగించింది.

"కాగితం పోయిందా వదినా?"

"పోయింది."

నలభై ఏళ్ల పనిలో చెక్క గురించి ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే. తర్వాత నాకు ఆమే చెప్పింది.

పోటీ నాడు పొద్దుటినుంచీ సన్నగా వాన. మూడో వరుసలో మార్కులు రాసే పని నాది. ఫ్రీడా ముందే కాల్చింది. యాభై ఆరు. వెనకాల చప్పట్లు కొట్టారు. ఆమె లేచి మోకాళ్లు దులుపుకుని ఇంటికి పోకుండా అక్కడే బెంచీ మీద కూర్చుంది.

తర్వాత దోర్లి కాల్చడానికి బోర్లా పడుకుంది. మొదటి ఆరు గుండ్లకు ఇరవై రెండు వచ్చాయి. ఆ తర్వాత మూడేసి చొప్పున త్వరత్వరగా కాల్చాలి. మూడు, మూడు, రెండు. మళ్లీ మూడు, రెండు, రెండు. అన్నీ ఎడమకే పోతున్నాయి.

మా వరుసను చూసుకునే కోబి వంగి అన్నాడు: "దోర్లమ్మా, ఎడంపక్క మా ఆవులున్నాయి. వాటి జోలికి పోకు."

నిమిషంలో కాల్చవలసిన ఆఖరి ఆరు మిగిలాయి. రెండు. రెండు. ఒకటి. రెండు. సున్నా. ఒకటి. నేను కూడి నలభై అయిదు అని రాశాను. మొదటి 'రెండు' వినగానే గొంతులో తేనె దిగినట్టయిందట ఫ్రీడాకు. సున్నా దాకా వచ్చేసరికి ఆ తీపి విరిగిపోయిందట.

గుడారంలో సాసేజీలు కాలుతున్నాయి. కోబి ఫ్రీడా చొక్కాకు ముప్పై రెండో దండ గుచ్చాడు. దోర్లి వచ్చి, ఖాళీ చేసిన రైఫిల్‌ను ఫ్రీడా ముందు బల్ల మీద అడ్డంగా పెట్టింది.

"నా కళ్లు పోయాయి వదినా. పోస్టాఫీసు అక్షరాలు తినేశాయి. ఇంక చాలు. మొదటినుంచీ ఇది నీదే. తీసుకో."

బఠాణీ సూపు నాటినుంచి ఫ్రీడా ఎదురుచూసిన మాట అది. ఆమె నాన్న రైఫిల్ మీద చెయ్యి వేసింది. అరచేతి కింద తెల్ల చెక్క తడిగా ఉంది. సరే అంటే చాలు. కోబి ఆవాల ముద్ద వడ్డించడం ఆపి చూస్తున్నాడు.

ఆఖరికి ఆమె జేబులోంచి కాగితం ముక్క తీసి మరదలి ముందుకు తోసింది. "నువ్వే లాగు."

దోర్లి దూర్చి లాగింది. కాగితం వెనక దాకా వెళ్లి చిరిగింది. సగం ఆమె చేతిలో ఉండిపోయింది.

"పోయిందన్నావుగా?"

"అన్నాను."

"మరి?"

"అప్పుడూ పోలేదు. నాకు తెలుసు."

దోర్లి చిరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పింది. "అంటే నా కళ్లు బాగానే ఉన్నాయా?"

"గద్ద కళ్లు నీవి. అదే నా ఏడుపు."

దోర్లి రైఫిల్‌ను తన వైపుకు లాక్కుంది. "ఇందాక ఇచ్చాననుకున్నావేమో. ఇవ్వలేదు."

ఫ్రీడా దండ పిన్ను విప్పబోయింది.

"అది నీ రైఫిల్‌తో గెలుచుకున్నావు. ఉంచుకో. సోమవారం వస్తా. పక్కనే కూర్చుని చూస్తా, ఎలా గీకుతావో."

సోమవారానికి ఫ్రీడా గుడ్డ విప్పి వాల్‌నట్ చెక్కను బల్ల మీద పెట్టి ఉంచింది. దోర్లి దాన్ని రైఫిల్ పక్కన పెట్టి రంగు చూసింది.

"మొన్న ఇది ఎక్కడుంది?"

"డబ్బా అడుగున."

"నీ కుళ్లు తగలెయ్య! నాకొద్దు. ఆ తెల్లదే గీకు."

ఫ్రీడా గీకింది. దోర్లి రెండుసార్లు లాగి చూసింది. రెండుసార్లూ కాగితం పట్టకుండా వచ్చింది. జడరొట్టె మాత్రం తేలేదు.

ఇది ఏడేళ్ల కిందటి మాట. ఫ్రీడాకు ఇప్పుడు డెబ్బై మూడు. వాల్‌నట్ చెక్క ఇంకా డబ్బా అడుగునే ఉంది, గుడ్డలో. కిందటి మేలో దోర్లికి అరవై ఒకటి, ఫ్రీడాకు యాభై అయిదు వచ్చాయి. ఇంటికి పోతూ ఫ్రీడా దారంతా ఆ ఆరు మార్కుల తేడాను తిట్టుకుంటూనే ఉంది. దోర్లి ఏటా పోటీకి ముందు రైఫిల్‌ను ఆమె దగ్గరికే తెస్తుంది. కాగితం ముక్క మాత్రం తనే కత్తిరించి తెచ్చుకుంటుంది.