అక్క నుదుటి మీద దురద

తొంభైల చివర మా అక్కకి కుడి కనుబొమ్మ పైన నీటిపొక్కులు గుంపుగా లేచాయి. సర్పి అన్నారు. మా ఊరు మంగినపూడిలో అందరూ చేసినట్టే పొక్కుల మీద ఎర్రటి జేగురుమన్ను రాయించాం. పొక్కులు ఎండి రాలిపోయాయి, మంట తగ్గింది. దురద మాత్రం అప్పుడే మొదలైంది.

నెలలు గడిచినా పోలేదు. ఒకరోజు గోకి గోకి రక్తం కారుతుంటే, "నొప్పి లేదా?" అన్నాను.

"ఏమీ తెలీట్లేదురా. దురదొక్కటే."

నొప్పే తెలియని చోట దురద ఎలా పుడుతుందో నాకు అంతుపట్టలేదు. అయినా కారణం నేనే తేల్చేశాను: నెత్తిమీద గంపలోంచి కారే చేపల నీళ్లు. అక్క బందరు వీధుల్లో చేపలమ్మేది. "ముందు ఆ గంప మానెయ్" అని పట్టుబట్టాను. మానేసింది.

అసలు సంగతి వేరు. నేను బందరులో గుమాస్తాని. మా ఆఫీసు వీధిలో అక్క కేక వినపడితే ఫైల్లో తల దూర్చేవాణ్ణి. దురద నాకు మంచి సాకైంది.

ఇంట్లో ఊరికే కూర్చున్నాక దురద ఇంకా పెరిగింది. గోకిన చోట పుండు పడి కంటి వైపు పాకుతోంది. కన్ను పోతుందేమోనని భయమేసి గుడివాడలో నరాల డాక్టరు గారికి చూపించాను.

ఆయన అక్కని కళ్లు మూసుకోమని దూదితో నుదురు తాకారు. ఎడమవైపు తాకగానే "ఆఁ" అంది. కుడివైపు ఎన్నిసార్లు తాకినా పలకలేదు.

"సర్పి ఈ నుదుటి నరాన్ని పాడుచేసింది. స్పర్శ పోయినా, దురద పుడుతోందని నరం మెదడుకి చెబుతూనే ఉంది."

"చేపల నీళ్ల వల్ల కాదాండీ?"

"ఎవరన్నారు?"

అక్క నా వంక చూసింది.

"ఎప్పుడైనా దురద సంగతి మర్చిపోతారా అమ్మా?"

"గంప నెత్తిన పెట్టుకుని కేకేస్తున్నప్పుడండీ. గోక్కుంటే చేపలన్నీ రోడ్డు పాలు కదండీ!"

డాక్టరు గారు నవ్వేశారు. పడుకునే ముందు ఓ చిన్న మాత్ర, పుండు మానాక రాసుకోడానికి నరాన్ని మొద్దుబార్చే పూత ఇచ్చారు. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని నుదుటికి గుడ్డ కట్టుకోమన్నారు.

తిరిగొస్తూ పామర్రులో బందరు బస్సు కోసం నిలబడ్డప్పుడు అక్క మెల్లగా అంది: "మీ ఆఫీసోళ్ల ముందు నామోషీ అనేగా మానిపించావు?"

"అవునక్కా."

"చెబితే ఆ ఒక్క వీధి వదిలేసేదాన్ని కదరా. ఊరంతా మానిపించావు."



కొన్ని వారాలకి పుండు మానింది. దురద సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు. అక్క మళ్లీ గంపెత్తింది. ఓ ఉదయం మా ఆఫీసు ఎదుటే చేపలమ్మి, గంప నెత్తికెత్తమని టీ కొట్టతన్ని పిలిచింది. నేను లేచి బయటికెళ్లి ఓ పక్క పట్టుకున్నాను. చొక్కా చేతి మీద చేపల నీళ్లు కారాయి. అది అంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.