ఒసాకాలో బసప్పకు చూసిన బస

అది 1955. ఆదోనిలో ఒక పత్తి సావుకారు దగ్గర ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తాను నేను. మేము పంపిన పత్తి శాంపిలుకు తగ్గట్టు లేదని జపానులో ఒసాకా మిల్లువాళ్లు పేచీ పెట్టారు. మా మనిషి వెళ్లి వాళ్ల ఎదుటే తేల్చాలి. అక్కడ మూడు వారాలకు బస చూడమని సావుకారు నాకు పురమాయించాడు.

వెళ్లేది నేనేనని నాకు గట్టి నమ్మకం. ఆఫీసులో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మరి! హోటళ్లకు రాసి టారిఫులు, అంటే గది అద్దెల పట్టీలు, తెప్పించాను. ఒకరి ధర ఇంకొకరికి రాసి బేరమాడాను. ఎమ్మిగనూరులో ఒక రిటైరైన హెడ్మాస్టరు దగ్గర పుస్తకాలు అడిగి తెచ్చుకుని ఆ దేశం చరిత్రంతా చదివాను. యుద్ధంలో ఒసాకా ఎలా తగలబడిందో, గడప దగ్గర చెప్పులు ఎందుకు విడవాలో అన్నీ తెలుసుకున్నాను.

తీరా చూస్తే సావుకారు "బసప్ప పోతాడు" అన్నాడు.

బసప్పది హొళగుంద. మా గ్రేడరు. పత్తి పోచను వేళ్లతో లాగి స్టేపుల్, అంటే పీచు పొడవు, ఇంత అని చెప్పేసేవాడు. ఇంగ్లీషు ముక్క రాదు.

"వానికి భాష రాదు గదా సావుకారూ!" అన్నాను.

"మాట్లాడేకి మిల్లోళ్లు దుబాసీని పెడతారులేప్పా. మనకు పత్తి సూసేటోడు కావల్ల" అన్నాడాయన.

పైగా బసప్పకు ఆ దేశం సంగతులన్నీ నేర్పే పని కూడా నాకే అప్పగించాడు. పళ్లు కొరుక్కుంటూ నేర్పాను.

అప్పటికి రెండు జవాబులు చేతిలో ఉన్నాయి. ఒకటి ఒసాకాలోని ఒక చిన్న సత్రం నుంచి. అక్కడ చేప లేని ముద్ద దిగదు. రెండోది పక్క ఊరు కోబేలో మన దేశపు వర్తకులు నడిపే బోర్డింగు నుంచి; అక్కడ శుద్ధ శాకాహారం, ధర కూడా అంతే. బసప్ప లింగాయతు. చేప వండిన గిన్నెలో మంచినీళ్లయినా తాగడు. అది నాకు బాగా తెలుసు. తెలిసే కోబే ఉత్తరం చింపేసి సత్రానికి అడ్వాన్సు పంపాను. పస్తులుండనీ, నాకేం అనుకున్నాను.

పేచీ గెలిచి వచ్చాడు బసప్ప. మనిషి చిక్కిపోయాడు. అందరి ముందూ నా చేతులు పట్టుకున్నాడు.

"నాలుగు దినాలు ఎండు రొట్టెలే తింటి. ఆ సత్రమాయమ్మ ఇల్లు యుద్ధంలో కాలిపోయిందని దుబాసీ సెప్పినాడు. అన్న సెప్పిందంతా మతికొచ్చి సేతులు జోడించినా. ఆయమ్మ ఏడ్సింది. మర్సనాడు నా తిండి సంగతి దుబాసీని అడిగి, కొత్త గిన్నె కొనుక్కొచ్చి నాకు ఏరేగా వండిపెట్టింది. మంచి తావు సూసినావన్నా!"

సావుకారు నా భుజం తట్టాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. సాయంత్రం గోడౌను దగ్గర బసప్పను ఆపి చెప్పేశాను.

"కోబేలో మనోళ్ల ఇల్లుండె బసప్పా. జాబు కూడా వచ్చింటే నేనే సించేసినా."

"తెలుసన్నా. తిరిగొచ్చేకి ఓడెక్కే ముందు ఆ కోబే బోర్డింగోళ్లు కలిసినారు. మీ గుమాస్తాకు రాస్తిమే, ఏల రాలేదని అడిగినారు."

"మరి సావుకారుకు సెప్పలేదేమి?"

"సెప్తే నీ పని పోతాది గదా! నీ ఇంట్లో పిల్లోళ్లుండారు" అని, పత్తి బేళ్లు చూడ్డానికి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎవరికి ఎక్కడ బస చూసినా, మీరేం తింటారని ముందు అడిగేవాణ్ణి. వృత్తిలో నేను నేర్చుకున్నది అది. అతను జపాను చూశాడన్న అసూయ ఆ సాయంత్రమే చల్లారింది. అతని చోట నేనుంటే సావుకారుకు చెప్పేసేవాణ్ణి. అందుకే బసప్ప మనసు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కుళ్లే.