పేరు పెట్టి పిలిచిన రాణి

ఆ జానపద నవలను ఎనిమిదిసార్లు చదివానని రావులపాలెంలో కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు దాచడం ఎందుకు, ఒకటిన్నరసార్లు చదివాను. ఆ అర కూడా యుద్ధాలు వదిలేసి. అయినా రెండు వేల సంవత్సరం దాటాక అది గ్రాఫిక్స్‌తో సినిమాగా వచ్చినప్పుడు, నవలకీ సినిమాకీ తేడాలు చెప్పే అధికారమంతా నాదే అన్నట్టు అద్దె పుస్తకాల షాపులో బల్ల మీద కూర్చున్నాను. స్కూలు వదిలాక అక్కడ చేరడం నాకు అలవాటు. మార్కెట్‌లో అరటి గెలలు దింపేసి వచ్చే రైతులు నలుగురైదుగురు, షాపు ఆయన, నేను. అదీ సభ.

వాళ్లలో ఒకతనికి గోదావరి గట్టున తోట ఉంది. నాకన్నా పదిహేనేళ్లు చిన్న. అంతకు రెండేళ్ల కిందట అతని భార్య రేవులో మునిగిపోయింది. అంతకుమించి మాకు తెలియదు. అతను చెప్పలేదు, మేం అడగలేదు. నెమ్మదైన మనిషి. ఆ సినిమా మాట వస్తే మాత్రం గొంతు లేచేది.

గొడవంతా ఒక్క ఘట్టం గురించి. మాంత్రికుడు రాణిని ఏటి అడుగున వెయ్యిమంది ఆడవాళ్లతో కలిపి బంధిస్తాడు. రాజు వెతుక్కుంటూ ఒడ్డుకు వస్తాడు. నవలలో నీళ్లలోంచి వెయ్యి గొంతులూ ఒకేసారి "ఏవండీ" అంటాయి. రాజు వాటిలో తన భార్య గొంతును పోల్చుకుని దూకుతాడు. సినిమాలో అదంతా లేదు. రాణి ఒక్కతే నీళ్లలోంచి లేచి, రాజును పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తుంది.

"పెళ్లాం మొగుణ్ణి పేరెట్టి పిలవడమేంటండి మేష్టారూ?" అనేవాడతను. "పుస్తకంలో ఉన్నదున్నట్టు తియ్యాలా, వద్దా?"

"తీస్తే ఏమవుతుందో చూపిస్తానుండు" అన్నాను ఒకరోజు.

తువ్వాలు నెత్తిన ముసుగేసుకుని బల్ల వెనక నక్కి, గొంతు సన్నం చేసి "ఏవండీ..." అని సాగదీశాను. చివర చిన్న వణుకు కూడా పెట్టాను. అంత ఆడగొంతు నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. ఒక్క క్షణం షాపు చల్లబడిపోయింది. వెంటనే తల బయటపెట్టి, సినిమా హాల్లో మొగుళ్లందరి తరఫునా నేనే జవాబిచ్చాను.

"ఆఁ, వస్తన్నానే!" "పాలు పొంగిపోయాయా?" "నన్ను కాదనుకుంటా, పక్కాయన్నేమో చూడండి!"

"హాలు సగం ఖాళీ అయిపోతుందయ్యా! అందుకే డైరెక్టరు పేరు పెట్టించాడు. ఏవండీకి అడ్రసుంటుందా?"

షాపు ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "మేష్టారి ఎటకారం ముందు సినిమా ఎంతండి!" అన్నాడు. ఆ తోట రైతు మాత్రం లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు స్కూలు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"మేష్టారూ, ఒక మాటండి. మీరు ఎనిమిదిసార్లు చదివారు కదా. ఆ రాజు నిజంగా పోల్చుకోగలడంటారా?"

"ఏంటయ్యా, ఇంకా అదేనా?"

అప్పుడు చెప్పాడు. ఆ రోజు రేవులో భార్య బట్టలు ఉతుకుతోంది. ఇంకో అయిదారుగురు ఆడవాళ్లున్నారు, వాళ్ల మొగుళ్లూ అటూ ఇటూ ఉన్నారు. తను గట్టు మీద కూర్చుని అదే నవల చదువుకుంటున్నాడు. "ఏవండీ" అని ఒక కేక వినపడింది. ఒక్కటే.

"ఎవరి ఆవిడో ఎవర్నో పిలుస్తుందనుకున్నానండి. పేజీ అయ్యాక తలెత్తాను. పుస్తకం కరెక్టయితే, మా ఆవిడ పిలిస్తే నాకు తెలిసేదండి. తెలియలేదంటే అది ఆవిడ కాదు. సినిమా కరెక్టయితే..."

ముందురోజు నేను వేసిన వేషం గుర్తొచ్చింది.

"కచ్చితంగా తెలుస్తుందయ్యా!" అన్నాను. ద్రాక్షారామంలో శివరాత్రి జనంలో మా ఆవిడ ఎక్కడో వెనకనించి పిలిస్తే, పదివేలమందిలో నేనొక్కణ్ణే తిరిగానని చెప్పాను. అతను నా మొహంలోకి చూసి, "ఆయ్" అన్నాడు. బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి.

ఆ శివరాత్రినాడు నిజంగా జరిగింది వేరు. ఎవరో ఆవిడ పిలుపుకి నేను "ఆఁ" అంటూ వెళ్లి, ఆవిడ చేతిలోని కొబ్బరికాయల సంచీ అందుకున్నాను. మా ఆవిడ చాలా ఏళ్లు చెప్పుకుని నవ్వింది.

నా అబద్ధం పది రోజులు నిలిచింది. ఆదివారం గెలల మార్కెట్‌లో అతను గెలలు వరసగా పేరుస్తుంటే పక్కన నిలబడి కబుర్లు చెబుతున్నాను. వెనకనించి "ఏవండీ!" అని వినపడింది. చటుక్కున తిరిగాను. ఎవరో ఆవిడ, లారీ దగ్గరున్న మొగుణ్ణి పిలుస్తోంది. మళ్లీ ఇటు తిరిగేసరికి అతను చేతిలో గెలతో నన్నే చూస్తున్నాడు.

"మా ఆవిడనుకున్నాను" అన్నాను, నవ్వబోతూ.

అంతకన్నా అనకూడని మాట నా జీవితంలో మరొకటి అనలేదు. అతను గెలను మెల్లగా కింద పెట్టాడు.

ఆ తర్వాత షాపుకి రాలేదు. నవల గొప్పదా సినిమా గొప్పదా అన్న గొడవ ఆగిపోయింది. మార్కెట్‌లో మాత్రం ఏ ఆడమనిషి ఏవండీ అన్నా అతను పని వదిలేసి వెళ్లేవాడు. "పిలిచారాండీ?" అని అడిగేవాడు. కొందరు కసురుకునేవారు. చాలామంది "మిమ్మల్ని కాదండి" అనేవారు. తలూపి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేవాడు.

హమాలీలు కనిపెట్టారు. గెలల వెనక నక్కి, తలగుడ్డ ముసుగులా లాక్కుని, సన్నగా "ఏవండీ..." అని సాగదీసేవారు. చివర అదే వణుకు. షాపులోంచి అక్కడికి ఎలా చేరిందో నేను ఎవర్నీ అడగలేదు. మగగొంతని తెలిసీ అతను వెళ్లేవాడు. గెలల చుట్టూ తిరిగి, వెనక ఎవరున్నారో చూసి మరీ వచ్చేవాడు.

అది చూసి హమాలీల మీద కేకలేశానని ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. కేకలేసిన మాట నిజమే, అది మూడోసారి. మొదటి రెండుసార్లూ వాళ్లతోపాటు నేనూ నవ్వాను.