సుగుణ మేడమ్ కొన్న నిద్ర

గచ్చిబౌలిలో మా ఆఫీసు గేటు ముందు పొద్దున్నే క్యాబ్‌లు వరుసగా ఆగుతాయి. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఏసీ చల్లదనంతో పాటు, అద్దానికి వేలాడే మల్లె సెంటు వాసన గుప్పుమంటుంది. లోపలి నుంచి కుర్రాళ్లు చెవుల్లో పాటలు పెట్టుకుని దిగిపోతారు. నేను మాత్రం ఆ వాసనకు ఒక్క క్షణం ఆగిపోతాను. నా కళ్లు వాళ్లను దాటి డ్రైవర్ ముఖం మీదికి వెళతాయి. అలా చూడడం నాకు నేర్పింది సుగుణ మేడమ్.

ఆవిడ మా కంపెనీలో కొనుగోళ్ల విభాగానికి హెడ్. మేడ్చల్ వైపు మనిషి. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీకి బోల్టులూ రేకులూ కొంటూ సగం జీవితం గడిపి, యాభై దాటాక హైటెక్ సిటీకి వచ్చారు. కాటన్ చీర, కాళ్లకు స్పోర్ట్స్ షూ, భుజాన ఎప్పుడూ నీళ్ల సీసా ఉండే పెద్ద సంచి. సాఫ్ట్‌వేర్ కంపెనీకి కొనేందుకు ఏముంటుంది అని మా అమ్మ కూడా నన్ను అడిగేది. కుర్చీల దగ్గర నుంచి క్యాంటీన్ భోజనం దాకా, సెక్యూరిటీ దగ్గర నుంచి క్యాబ్‌ల దాకా అన్నీ మేమే కొనేవాళ్లం.

నేను ఆ విభాగంలో చేరిన మొదటి వారంలో కుర్చీలు అమ్మే నలుగురి ధరలు పోల్చి ఒక షీటు తయారు చేశాను. అన్నిటికన్నా తక్కువ ధరకు ఆకుపచ్చ రంగు కూడా వేశాను. ఆవిడ చూసి, "మంచిగ చేసినవ్ శ్రీనూ. వీళ్ల షెడ్డు చూసినవా?" అన్నారు. "లేదండి, వెబ్‌సైట్ చూశాను" అన్నాను. ఆవిడ నవ్వలేదు. కారు తాళాలు తీసుకుని, "నడువు, పోదాం" అన్నారు.

ఆకుపచ్చ రంగు వేసిన అడ్రసులో కుర్చీలు తయారయ్యే జాడే లేదు. ఎక్కడో కొని ఇక్కడ అమ్మే మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. రెండో చోటు బాలానగర్‌లో. అక్కడ కిటికీలు మూసేసిన గదిలో ఆడవాళ్లు స్పాంజికి జిగురు రాస్తున్నారు. లోపలికి వెళ్లిన కాసేపటికే నా కళ్లు మండి నీళ్లు కారాయి. ఓనరు ఆఫీసు గదిలోకి రమ్మని ఎంత పిలిచినా మేడమ్ కదల్లేదు. ఆయన్నే లోపలికి పిలిచి, అక్కడే నిలబెట్టి మాట్లాడారు. ఆయన కళ్లు కూడా ఎర్రబడ్డాక, "గోడకు పొగ గుంజే ఫ్యాన్ పెట్టు అన్నా, గప్పుడు రేటు మాట్లాడుకుందాం" అన్నారు. ఆయన పెట్టించాడు. ఆ కుర్చీలే మేం కొన్నాం. నేనిప్పుడు కూర్చునేది వాటిలో ఒకదాని మీదే.

అయితే ఆవిడ ఎలాంటి మనిషో నాకు పూర్తిగా అర్థమైంది క్యాబ్‌ల కాంట్రాక్టు అప్పుడు. మాకు క్యాబ్‌లు నడిపే పాత వెండర్ రమణారావు గారు గోదావరి జిల్లా నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడిన మనిషి. కాంట్రాక్టు పొడిగింపు కోసం నిరుటికన్నా తక్కువ రేటు వేశారు. ఫైనాన్స్ హెడ్ సంబరపడ్డారు. సంతకాల మీటింగు రోజు, "కొనేటోళ్లం ఒక్కసారన్న ఎక్కాలె గద" అంటూ మేడమ్ మా కాలనీకి వచ్చి, నాతో పాటు ఆఫీసు క్యాబ్ ఎక్కారు.

కూకట్‌పల్లి దాటుతుండగా బండి మెల్లగా డివైడర్ వైపు ఒరిగింది. నేను ఫోన్ చూసుకుంటున్నాను. మేడమ్ ముందుకు వంగి డ్రైవర్ భుజం మీద చెయ్యి వేశారు. "తమ్మీ, బండి పక్కకు తియ్యి. చాయ్ తాగుదాం."

అతని పేరు యాదగిరి. కళ్లు రక్తం కారేంత ఎర్రగా ఉన్నాయి. ఎప్పుడు పడుకున్నావని ఆవిడ అడిగితే నవ్వి తప్పించుకోబోయాడు. "డ్యూటీ దిగినంక పండుకుంట మేడమ్."

"నిన్న దిగినంక పండుకున్నవా?"

"నిన్న దిగనే లేదు మేడమ్. రాత్రి వేరే కంపెనీ డ్యూటీ, గా డ్యూటీ కాంగనే గిది."

ఆవిడ అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టారు. మేమిద్దరం చాయ్ బండి దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. నాకు గాభరాగా ఉంది. "మేడమ్, మీటింగు..." అన్నాను. "మీటింగు ఎటువోదు. పండుకోనియ్యి" అన్నారు. రోడ్డు మీద వెళ్తున్న క్యాబ్‌లనే చూస్తూ కూర్చున్నారు.

ఆలస్యంగా వెళ్లినందుకు క్షమించమని చెప్పి, మీటింగులో నేరుగా రమణారావు గారినే అడిగారు. "డీజిల్ పెరిగింది, టైర్లు పెరిగినయ్. మీ రేటు ఎట్ల తగ్గిందండీ?"

"పోటీ అండి మేడమ్" అని ఆయన నసిగారు. ఆవిడ చూపు తిప్పలేదు. ఆయన ముఖం కందగడ్డయింది. "నిజం చెప్పమంటారా అండి? ప్రతి ఏడూ తగ్గించమని అడిగేది మీరే. బ్యాంకు వాడు తగ్గించడు, బంకు వాడు తగ్గించడు. ఇంక నేనెవరి దగ్గర తగ్గించేదండి, డ్రైవర్ల దగ్గర తప్ప?"

ఫైనాన్స్ హెడ్ కలగజేసుకుని, అది వెండర్ సొంత వ్యవహారం, మనకు సంబంధం లేదన్నారు. మేడమ్ గొంతు పెంచలేదు. "సార్, పొద్దుగాల గా బండిల నేనున్న. మన పిల్లలు రోజూ ఉంటరు. మనకు సంబంధం లేదని ఎట్లంటం?" అన్నారు. ఏదైనా దారి చూపించమని ఆయన ఒక నెల గడువిచ్చారు. బడ్జెట్ మాత్రం పెరగదని, పని కాకపోతే వేరేవాళ్లను చూసుకుంటామని చెప్పారు. వేరేవాళ్లన్నది వెండర్ గురించో, మేడమ్ గురించో నాకు తెలియలేదు. ఆవిడకు తెలిసినట్టే ఉంది.

బయటికొచ్చాక, "రమణారావు అన్నది నిజమే శ్రీనూ. తగ్గించు తగ్గించు అన్నది మనమే. ఇగ మన దగ్గరనే ఎక్కడ దుబారా ఉందో ఎతుకుదాం" అన్నారు.

దుబారా మా పార్కింగ్‌లోనే కనిపించింది. ఒక టీము ఆఫీసుకొచ్చి దిగేది ఒక సమయానికైతే, పక్క టీము ఇంటికి వెళ్లడానికి ఎక్కేది ఇంకాసేపటికి. ఒకే కాలనీకి రెండు బండ్లు సగం ఖాళీగా వెళ్లేవి, పూర్తి ఖాళీగా తిరిగొచ్చేవి. కాల్చిన డీజిల్‌లో సగం ఎవరినీ మోయకుండానే పొగైపోతోంది. టీముల సమయాలు కాస్త అటూ ఇటూ జరిపితే చాలు. ఆ మాట మేనేజర్లకు చెప్పి ఒప్పించే పని నాకే పడింది. ప్రతి మేనేజరూ తన క్లయింటు ఒప్పుకోడనేవాడు. నేను చేతులెత్తేసినప్పుడల్లా మేడమ్ వెంట వచ్చేవారు. వచ్చి, యాదగిరి నిద్రపోయిన పొద్దుటి సంగతి చెప్పేవారు, అంతే. ఆ కథ విన్నాక చాలామంది ఒప్పుకున్నారు.

ట్రిప్పులు తగ్గాయి, ఖర్చు తగ్గింది, మిగిలిన డబ్బుతో డ్రైవర్లకు రేటు పెంచవచ్చు. మేం సంబరపడే లోపే యాదగిరి ఆఫీసు కింద మేడమ్‌ను ఆపాడు. ట్రిప్పులతో పాటు బండ్లు కూడా తగ్గిస్తున్నారనీ, పక్కన పెట్టేవాటిలో తన సొంత కారు ఉందనీ అతనికి తెలిసింది.

"నిద్ర పొమ్మన్నరు మేడమ్. మరి బండి ఈఎంఐ కట్టకుంటే నిద్ర యాడికెల్లి వస్తది?"

ఆవిడ తల దించుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నిజమే తమ్మీ. నాకు తట్టలే. జర టైమ్ ఇయ్యి" అన్నారు.

ఆ వారమంతా రమణారావు గారితో కూర్చున్నారు. సొంత కార్లున్న డ్రైవర్లను ముందు ఉంచుకుని, ఆయన కిరాయికి తెచ్చిన కార్లను వెనక్కి పంపేలా, ఆ కార్ల డ్రైవర్లు మిగతావాళ్లు నిద్రపోయే వేళ వాళ్ల బండ్లు నడిపేలా ఒప్పించారు. బదులుగా మూడేళ్ల కాంట్రాక్టు ఇప్పిస్తానన్నారు. మూడేళ్ల పని చేతిలో ఉంటే తాను నెమ్మదిగా బ్యాటరీ కార్లు కూడా కొనగలనని రమణారావు గారే అన్నారు. డ్యూటీకీ డ్యూటీకీ మధ్య డ్రైవర్‌కు విశ్రాంతి ఉండాలన్న షరతు సంతకం చేసే పేజీలోకే ఎక్కింది. ఫైనాన్స్ హెడ్ మొత్తం రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. అయినా ఇద్దరు డ్రైవర్లకు మాత్రం చోటు దొరకలేదు. ఎవరైనా ఈ కాంట్రాక్టును మెచ్చుకుంటే మేడమ్ ముందుగా ఆ ఇద్దరి సంగతే చెప్పేవారు.

ఆవిడ రిటైరై మేడ్చల్‌లో ఉంటున్నారు. ఆవిడ సీటు ఇప్పుడు నాది. పోయిన నెల హౌస్‌కీపింగ్ టెండరు నా బల్ల మీదికి వచ్చింది. కాగితాలు మూసేసి, మధ్యాహ్నం బేస్‌మెంట్‌కు వెళ్లాను. పైపుల కింద, అట్టలు పరుచుకుని ఆడవాళ్లు అన్నం తింటున్నారు. నన్ను చూసి లేవబోయారు. వద్దని చెప్పి, మీరు రోజూ తినేది ఇక్కడేనా అని అడిగాను.

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దామె పక్కకు జరిగి, తన అట్ట మీద నాకు చోటు చేసింది.

"గా ముచ్చట చానుంది సార్. నిలవడి ఎంతసేపు ఇంటరు? కూసోండ్రి."

కూర్చున్నాను.