గుండమంటే నిప్పే అనుకున్నాను

మాది భీమవరం. పెళ్లయ్యాక ఉప్పల్ వచ్చాను. నిరుడు వానాకాలంలో మావారితో అభయారణ్యంలోని జలపాతం చూడ్డానికి వెళ్లాను. తుంపర మంచులా కమ్ముకుంది.

"ముందట గుండమున్నదమ్మా, పోవద్దు" అంది అక్కడి ఫారెస్టు గార్డు యాదమ్మ.

మా వైపు గుండమంటే జాతరలో తొక్కే నిప్పుల గుండమే. నీళ్లలో నిప్పేమిటని నవ్వుకుంటూ అడుగేశాను. ఆకుపచ్చని నీళ్ల కింద పసుపు ఆకులు చేతికందేట్టు మెరుస్తున్నాయి. కాలికి నేల తగల్లేదు. జలపాతం హోరంతా ఆగిపోయింది. మునుగుతున్నానని కూడా తోచలేదు, అంత హాయిగా ఉంది.

బండ మీంచి వంగి, జడ పట్టుకుని లాగింది యాదమ్మ. "గుండమంటే లోతమ్మా! పోయినేడు ఒకాయన గిట్లనే నవ్వుకుంట దిగిండు, మళ్ల రాలే."

ఆ నీళ్లు ఇప్పటికీ కలలోకి వస్తాయి. అంతా తెలిసీ, కలలో కూడా నవ్వుతూనే దిగుతున్నాను.